మంచుకొండకు ముహూర్తం

భివండీ వరాలా తలావ్ గట్టు మీద పొద్దున్నే నడకకు వచ్చే పద్మనగర్, కామత్‌ఘర్ కుర్రాళ్ళ మాటల్లో ఈమధ్య హిమాలయం తరచుగా దొర్లుతోంది. మాహులీ కోట అయింది, కళ్సూబాయి అయింది, హరిశ్చంద్రగడ్ అయింది. ఇక మంచుకొండ ఒకటి ఎక్కాలి. ఎక్కడికి, ఎంతవుతుంది, ఏం కొనాలి అన్నవాటికి ఫోన్ తెరిస్తే జవాబులు కుప్పలు. ఎప్పుడు వెళ్ళాలి అన్నదానికి మాత్రం అందరూ ఒకటే పాఠం అప్పజెబుతారు: మే-జూన్, కాకపోతే సెప్టెంబరు-అక్టోబరు.

పాఠం అబద్ధం కాదు. లెక్క చూపించకుండా జవాబు మాత్రమే రాసినట్టుంది, అంతే. ఆ నెలలు ఎందుకు మంచివి, ఏ కొండకు మంచివి, ఏ ఏడు మాట తప్పుతాయి అన్నది తెలియకుండా టికెట్లు కొన్నవాళ్ళు ఇబ్బంది పడ్డారు. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళలో లెక్క బాగా తెలిసినవాళ్ళూ ఉన్నారు. తెలుగువాళ్ళ పర్వతారోహణ చరిత్రను తిరగేస్తే ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే నాలుగైదు పెద్ద ఘట్టాలు కనిపిస్తాయి. వాటి గుండా నడిస్తే లెక్క దానంతటదే బయటపడుతుంది.

ముందు మన అలవాటు సంగతి. సహ్యాద్రిలో ట్రెక్కింగ్ అంటే వానాకాలమే. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడగానే ఆసన్‌గావ్ లోకల్ నిండా బ్యాగులు కనిపిస్తాయి. ఎండాకాలం నల్లరాయి కాలుతుంది, కోటల మీది నీటితొట్లు ఎండిపోతాయి. కాబట్టి తడిసినా, జారినా, జలగలు పట్టినా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే మనకు సందడి. ఈ అలవాటుతో హిమాలయానికి పోతే మొదటి అడుగే తప్పుతుంది. మనకు పండగైన ఆ నెలల్లోనే అక్కడ చాలా కొండలకు తలుపులు మూసుకుంటాయి.

రెండో తేడా కాలి కింద ఉంటుంది. సహ్యాద్రి రాయి నిన్న ఎలా ఉందో రేపూ అలాగే ఉంటుంది. హిమానీనదం అలా కాదు. ఏటేటా పడిన మంచు అణిగి, గట్టిపడి, నీలి గాజులాంటి ఐసుగా మారి, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారుతుంటుంది. వాలు పెరిగిన చోట, మలుపు తిరిగిన చోట ఆ ఐసు పగులుతుంది. ఒక్కో పగులు జానెడు వెడల్పు, ఒక్కోటి బస్సు పట్టేంత. లోతు మాత్రం చాలావాటికి పదుల మీటర్లు. చలికాలంలో పడ్డ మంచు ఈ పగుళ్ళ మీద పైకప్పులా పేరుకుంటుంది. దానినే ఆరోహకులు మంచు వంతెన అంటారు. రుతువు ఎంచుకోవడం అంటే సగం వంతు ఈ వంతెన ఏ వయసులో ఉన్నప్పుడు దాని మీద కాలు పెట్టాలో ఎంచుకోవడమే.

వసంతం మొదట్లో వంతెన మందంగా ఉంటుంది, పగుళ్ళు దాదాపు కనిపించవు. నడక సులువే గాని పక్క వాలుల మీద చలికాలపు మంచు ఇంకా కుదురుకోదు. చరియలుగా జారే భయం అప్పుడే ఎక్కువ. కొన్ని వారాలు గడిచాక పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం పదేపదే జరిగి మంచు బిగుసుకుంటుంది. వాలులు స్థిరపడి, వంతెనలు ఇంకా నిలిచివుండే ఆ మధ్యకాలమే అసలు సీజన్. తర్వాత ఎండ పెరిగి వంతెనలు పలచబడతాయి, నడుమ కుంగుతాయి, ఒక్కొక్కటే కూలుతాయి. కొండగోడకూ హిమానీనదానికీ మధ్య ఉండే పెద్ద చీలిక నోరు తెరుస్తుంది. సీజన్ చివర్లో మంచంతా పోయి ఐసు బయటపడ్డాక పగుళ్ళు కళ్ళెదుటే కనిపిస్తాయి కాబట్టి పడిపోయే ప్రమాదం ఒక విధంగా తగ్గుతుంది. అయితే దారి చుట్టూ తిరుగుతుంది, ఇన్నాళ్ళు ఐసు అంటిపెట్టుకున్న రాళ్ళు ఊడి పడతాయి.

అన్నిటికంటే మోసకారి కొత్త మంచు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఓ రాత్రి అడుగు మందం మంచు పడిందంటే నోరు తెరిచిన పగుళ్ళన్నీ తెల్లటి దుప్పటి కింద దాక్కుంటాయి. వసంతపు వంతెనకు నెలల బిగువు ఉంది. దీనికి ఒక్క రాత్రి వయసు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తాడుకు ముందు నడిచే మనిషి ఐస్ యాక్స్ పిడిని నిలువునా గుచ్చి చూస్తాడు. అడుగడుగూ ఒకే బిగువుతో దిగితే కాలు వేస్తాడు. సగం దాకా బరువుగా దిగి, ఆపైన చేతిలోంచి జారిపోయినట్టు ఒక్కసారిగా దిగబడితే కింద ఖాళీ. అప్పుడు వెనక్కి తగ్గి మరో చోట గుచ్చాలి. వెనకున్నవాడు తాడు వదులు కాకుండా పట్టుకుని నిలబడాలి. అలాంటి చోట వంద మీటర్లకు అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు.

రుతువులాగే రోజులోనూ సమయం ఉంది. శిఖరానికి అర్ధరాత్రి ఒంటిగంటకో రెండింటికో బయలుదేరడం ఏదో సాహసం కోసం కాదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల వేడి పైకి పోయి మంచు పైపొర రాయిలా గట్టిపడుతుంది. బూట్ల కింది క్రాంపాన్ పళ్ళు కరకరమంటూ దిగుతాయి, వంతెనలు బరువు ఆపుతాయి. పొద్దున తొమ్మిది పది దాటేసరికి అదే మంచు మోకాలి లోతు ముద్ద. కాబట్టి రాత్రి మబ్బు పట్టి చలి తగ్గితే మనకు హాయిగా ఉంటుంది గాని అది చెడ్డ కబురు. మంచి నెలలో వచ్చిన వెచ్చటి రాత్రి కంటే కాస్త చెడ్డ నెలలో వచ్చిన గడ్డకట్టే రాత్రి మేలు. పున్నమి దగ్గర్లో శిఖరం రోజు పడేలా చూసుకునేవాళ్ళూ ఉన్నారు. వెన్నెల ఉంటే తలదీపం వెలుగుకు అందని దూరం కూడా కనిపిస్తుంది.

ఇక నెలలు. హిమాలయం ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. నైరుతి రుతుపవనాలు ముంబైకి మామూలుగా జూన్ 11 ప్రాంతంలో వస్తే, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలకు అదే నెల ఆఖరి పది రోజుల్లో చేరతాయి. తిరుగుముఖం పట్టడం వాయవ్య భారతంలో సెప్టెంబరు 17 ప్రాంతంలో మొదలవుతుంది. ఈ రెండు తేదీలకు ముందొకటి, వెనకొకటి అన్నమాట ఆ పాఠంలోని రెండు సీజన్లు. మనాలీ చుట్టుపక్కల ఫ్రెండ్‌షిప్ పీక్ (5,289 మీ.), దేవ్ టిబ్బా (6,001 మీ.) వంటివాటికి మే మొదట్లో పడమటి గాలులు తెచ్చిన చలికాలపు మంచు ఇంకా నడుములోతు ఉంటుంది. బిగుసుకునేది మే ఆఖరికి. మన పెద్దల కార్తెల్లో చెప్పాలంటే రోహిణి నడిమి నుంచి ఆరుద్ర ముందు దాకా, మహా అయితే మూడు వారాలు. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఈ పనికి చాంద్రమాన పండగల కంటే అవే నమ్మకం.

ఆ మూడు వారాలూ రాసిచ్చిన హామీ కాదు. 2013లో రుతుపవనాలు నెలరోజులు ముందే, జూన్ 16 నాటికి దేశమంతా కమ్ముకున్నాయి. కేదార్‌నాథ్ వరద వచ్చింది ఆ రోజూ ఆ మర్నాడే. ఇంకా కరగని మంచు మీద కుండపోత పడింది, పైన చోరాబారీ హిమానీనదం పక్కనున్న సరస్సు తెగింది. తెలుగు యాత్రికులు ఎంతోమంది ఆ కొండల్లో చిక్కుకున్న రోజులు మన ఇళ్ళల్లో ఇంకా మరచిపోలేదు.

లడఖ్‌కు వేరే పంచాంగం. దాన్ని అర్థం చేసుకోవడానికి భివండీ తెలుగువాళ్ళకు పుస్తకం అక్కర్లేదు, సోలాపూర్ చుట్టాలు చాలు. అదే పద్మశాలీలు, అవే మగ్గాలు. ఇక్కడ జూలైలో నూలు తడవకుండా కాపాడుకోవడం ఒక పని, అక్కడ వాన కోసం ఆకాశం చూడటం ఒక పని. అరేబియా సముద్రం నుంచి వచ్చిన మబ్బు సహ్యాద్రి ఎక్కేలోపే బరువు దించేసుకుంటుంది. అవతలికి మిగిలేది కొద్దిగా. హిమాలయ ప్రధాన శ్రేణికి ఉత్తరాన ఉన్న లడఖ్‌కు కూడా అంతే. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడేది దాదాపు 100 మిల్లీమీటర్లు. అందుకే మనాలీ మూసుకునే జూలై-ఆగస్టుల్లో అక్కడ కాంగ్ యాట్సే-2 (6,250 మీ.) వంటి కొండలకు సీజన్. ఇంకా వాయవ్యంగా కారకోరంలో కే2 వంటి మహాశిఖరాలకూ జూలై-ఆగస్టులే. అయితే 2010 ఆగస్టు 6న అదే లేహ్‌లో మేఘం బద్దలై రెండు వందల మందికి పైగా పోయారు. వానచాటు ప్రాంతం అంటే వాన రాని ప్రాంతం కాదు.

ఎవరెస్టు దగ్గరికి వస్తే వానతో పాటు గాలి కూడా లెక్కలోకి వస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు జెట్ స్ట్రీమ్ అనే మహావాయువు ఆ శిఖరాన్ని ఒరుసుకుంటూ పోతుంది. మే మధ్య దాటాక అది ఉత్తరానికి జరుగుతుంది. రుతుపవనం ఇంకా రాదు. ఈ రెంటి నడుమ దొరికే కొన్ని రోజుల సందే ఆరోహకుల భాషలో విండో. ఈ సంగతి తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1952లో స్విస్ బృందం వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి, ఒకే ఏడు రెండు సీజన్లూ ప్రయత్నించింది. వసంతంలో లాంబర్ట్, టెన్జింగ్ 8,500 మీటర్లు దాటారు. శరత్తులో వెళ్ళినప్పుడు నవంబరు చలికీ గాలికీ సౌత్ కోల్ కనుమ దాటి కొద్ది దూరంలోనే ఆగిపోయారు. మరుసటి ఏడు మే 29న అదే టెన్జింగ్ శిఖరం మీద నిలబడిన సంగతి అందరికీ తెలుసు.

మన దేశపు అనుభవం ఇంకా ముచ్చటైనది. 1960, 1962 బృందాలు రెండూ శిఖరానికి కొద్ది వందల అడుగుల దిగువ నుంచే వాతావరణం చెడి తిరిగొచ్చాయి. 1965లో కోహ్లీ నాయకత్వంలో వెళ్ళిన బృందం ఏప్రిల్ చివరికే సౌత్ కోల్ చేరింది. వాతావరణం బాగోలేదని అక్కడి నుంచి మొత్తం దిగొచ్చేసింది. అంత పైకి ఎక్కి మళ్ళీ కింద బేస్ క్యాంపులో రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం మాటలు కాదు. మే 20న మొదటి జంట, ఆపైన 22న, 24న, 29న మిగతావాళ్ళు, మొత్తం తొమ్మిదిమంది ఎక్కారు. ముందు బృందాలు మాత్రం చెడ్డ నెల ఎంచుకున్నాయా? లేదు, అవీ మే నెలలోనే వెళ్ళాయి. 1965 వాళ్ళ దగ్గర ఆగడానికి రోజులూ, రెండోసారి ఎక్కడానికి సరుకూ మిగిలాయి.

2014లో నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ శిఖరం మీద నిలబడింది మే 25న. రోహిణి కార్తె మొదలయ్యే రోజులు; తెలంగాణలో రోళ్ళు పగిలే ఎండ. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, భువనగిరి బండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్ చలిలో శిక్షణ పొంది టిబెట్ వైపు నుంచి ఎక్కారు. నేపాల్ వైపు ఆ ఏడు ఏప్రిల్ 18న ఖుంబూ ఐస్‌ఫాల్‌లో ఐసు విరిగిపడి పదహారుమంది నేపాలీ కార్మికులు చనిపోయారు, అటువైపు ఆరోహణ దాదాపు ఆగిపోయింది. ఒకే కొండ, ఒకే సీజన్. ఒక ముఖాన శోకం, మరో ముఖాన తెలుగు పిల్లల రికార్డు. ముహూర్తం బాగుంటే చాలదు, ఏ గుమ్మం నుంచి అడుగు పెడుతున్నామన్నదీ చూడాలి.

ఇప్పుడు శరత్తు సంగతి. పుస్తకాల్లో దాని గురించి అన్నీ మంచి మాటలే: వాన కడిగిన ఆకాశం, దూరాల దాకా కనిపించే శిఖరాలు, తక్కువ జనం. నాకు మాత్రం మన చరిత్ర చూస్తే ఈ సీజన్ మీద అంత నమ్మకం కుదరదు.

1985 శరత్తులో భారత సైన్యపు బృందం ఎవరెస్టు మీద ఉంది. అక్టోబరు రెండో వారంలో సౌత్ కోల్ మీద గాలి, చలి పట్టుకుని కదలనివ్వలేదు. అంతకు కొద్ది రోజుల ముందు మేజర్ కిరణ్ కుమార్ జారిపడి చనిపోయాడు. కోల్ మీద చిక్కుకున్న నలుగురు కూడా తిరిగి రాలేదు. వాళ్ళలో లెఫ్టినెంట్ ఎం. ఉదయ భాస్కర రావు ఒకరు, విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు పూర్వ విద్యార్థి. ఆ బడిలోనే చదువుకున్న మరో కుర్రాడు ఆయన కథ విని కొండల దారి పట్టాడు. అతని పేరు మల్లి మస్తాన్ బాబు, అతని దగ్గరికి తర్వాత వస్తాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద తీరం దాటింది. చెట్లు, కరెంటు స్తంభాలు, విమానాశ్రయం పైకప్పు ఏవీ మిగల్లేదు. తుపాను విశాఖ దాటాక మన వార్తల్లోంచి పోయింది గాని ఆకాశంలోంచి పోలేదు. ఆ తేమంతా ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్‌ల మీదుగా ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత, 14న, నేపాల్‌లో అన్నపూర్ణ, ధవళగిరి కొండల మీద మంచుగా దిగింది. 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాటుతున్న ట్రెక్కర్లు, గైడ్లు, యాక్ కాపరులు నడుములోతు మంచులో చిక్కుకున్నారు. నలభై మందికి పైగా చనిపోయారు. ఆ దారిలో వాళ్ళంతా మంచి సీజన్ అని చూసుకుని వచ్చినవాళ్ళే; ఏ గైడ్‌బుక్ చూసినా అక్టోబరు మధ్యే ఉత్తమం అని ఉంటుంది.

ఇందులో కాకతాళీయం ఏమీ లేదు. బంగాళాఖాతంలో తుపానుల కాలం రెండు: మే నెల ఒకటి, అక్టోబరు-నవంబరు ఒకటి. హిమాలయ ఆరోహణ సీజన్లు కూడా దాదాపు అవే. కారణం కూడా ఒకటే: రుతుపవనం నిండుగా లేని సంధికాలాల్లోనే తుపానులూ పుడతాయి, కొండలూ తెరుచుకుంటాయి. 2021 మే నెలలో ముంబై పక్కనుంచి పోయిన తౌక్తే, ఆ వెంటనే ఒడిశాను తాకిన యాస్, రెండింటి తడీ ఎవరెస్టు దాకా చేరి ఆరోహణలకు అడ్డం పడింది. కాబట్టి కొండకు పోయేవాడు కొండ మీది వాతావరణ సూచన ఒక్కటే చూస్తే చాలదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త కాకినాడ మత్స్యకారుడికి ఎంత ముఖ్యమో నేపాల్‌లోని మనాంగ్ లోయలో టీ తాగుతున్న ట్రెక్కరుకు అంతే ముఖ్యం, రెండు మూడు రోజులు ఆలస్యంగా.

శరత్తు ఘట్టాల్లో మూడోది 2022 అక్టోబరు 4, దసరాకు ముందురోజు. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ అడ్వాన్స్‌డ్ కోర్సు విద్యార్థులు, శిక్షకులు 5,670 మీటర్ల ద్రౌపదీ కా డండా-2 ఎక్కుతుండగా పైనుంచి మంచు పలక విరిగి జారింది. 27 మంది మృతదేహాలు దొరికాయి, మరో ఇద్దరి ఆచూకీ తెలియలేదు. పోయినవాళ్ళలో సవితా కన్స్‌వాల్ ఉంది. అదే ఏడు మే నెలలో ఎవరెస్టు, మకాలూ రెండూ ఎక్కిన శిక్షకురాలు. సంస్థకు ఆ కొండ పెరటి చెట్టు లాంటిది, ఏటా అక్కడే పాఠాలు. వానాకాలం చివర్లో పడ్డ కొత్త మంచు పాత గట్టి పొర మీద అతకకుండా కూర్చుంది. ఇలాంటి వాలు మీద జనం నడక చాలు, మొత్తం పలక కదలడానికి. రుతువు, స్థలం, నేర్పు మూడూ సరిగ్గా ఉన్నాయని ఎవరైనా చెప్పగలిగిన రోజే అది జరిగింది.

వసంతం మాత్రం నిర్దోషి అని కాదు. 2019 మే 26న నందాదేవి తూర్పు దగ్గర మంచుచరియ ఎనిమిది మందిని తీసుకుపోయింది. అదే వారం ఎవరెస్టు మీద విండో ఇరుకై, దొరికిన రెండు మూడు రోజులకే అందరూ ఎగబడి, శిఖరం కింద క్యూ కట్టిన ఫోటో లోకమంతా చూసింది. మంచి రోజు అందరికీ ఒకటే తెలిసినప్పుడు ఆ మంచితనమే ప్రమాదం. పుణె గిరిప్రేమి బృందం పదిమందిని కాంచనజంగ మీదికి చేర్చింది కూడా ఆ నెలలోనే, 15న. అక్కడ ఆ రద్దీ లేదు.

ఇప్పుడు మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా గాంధీ జన సంఘం ఊరివాడు, 1974లో పుట్టాడు. కోరుకొండ తర్వాత జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎంలలో చదివాడు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. దీన్ని వేగం రికార్డుగా చెప్పుకుంటారు గాని నాకు అందులో కనిపించేది రుతువుల చదువు. జనవరిలో అంటార్కిటికా విన్సన్: అక్కడ వేసవి, రాత్రే ఉండదు. ఫిబ్రవరిలో దక్షిణ అమెరికా అకాంకాగ్వా: దక్షిణార్ధగోళపు వేసవి ఇంకా అయిపోలేదు. మార్చి నడుమ కిలిమంజారో, తూర్పు ఆఫ్రికా పెద్ద వానలు దిగే ముందు. ఏప్రిల్ ఒకటిన ఆస్ట్రేలియాలో మంచునది లేని కొండ ఒకటి. మే మూడో వారంలో ఎవరెస్టు. జూన్‌లో కాకసస్ పర్వతాల్లో ఎల్‌బ్రుస్. జూలై 10న అలాస్కాలోని డెనాలీ. సూర్యుడితో పాటు దక్షిణం నుంచి ఉత్తరానికి నడుచుకుంటూ పోయినట్టుంది ఆ పట్టిక. ఏ ఒక్క కొండా నెల రోజులు వెనక్కి జరిగినా మిగిలినవి కూలేవి.

చివరిది అంచు మీద పడింది. డెనాలీకి మే, జూన్ నెలలే బలం. జూలైలో కాహిల్ట్‌నా హిమానీనదం కింది భాగంలో వంతెనలు కరిగి పగుళ్ళు తెరుచుకుంటాయి, మంచు మీద దిగే చిన్న విమానాలకూ జాగా చెడుతుంది. పూర్ణ అదే కొండ 2022 జూన్ మొదటి వారంలో ఎక్కింది, సీజన్ నడిబొడ్డున. విన్సన్‌కు ఆమె వెళ్ళింది 2019 డిసెంబరు చివర. ఆమె ఏడు శిఖరాలకు ఎనిమిదేళ్ళు తీసుకుంది కాబట్టి ప్రతి కొండకూ దాని సొంత నెల ఇవ్వగలిగింది. రెండు పద్ధతులూ గొప్పవే. మన కుర్రాళ్ళకు మాత్రం నేను రెండోదే చెబుతాను.

మస్తాన్ బాబు చివరి కొండ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 2015 మార్చి 24న చిలీ-అర్జెంటీనా సరిహద్దులోని సెర్రో ట్రెస్ క్రూసెస్ (6,749 మీ.) మీదికి ఒంటరిగా బయలుదేరి తిరిగి రాలేదు; ఏప్రిల్ మొదట్లో ఆయన శరీరం దొరికింది. మార్చి చివర అంటే ఆండీస్‌లో వేసవి అయిపోయి శరత్తు మొదలైన రోజులు. అదే 24 నుంచి 26 దాకా చిలీ వైపు అటకామా ఎడారిలో, ఏళ్ళ తరబడి చినుకు చూడని నేల మీద, ఎన్నడూ లేని వాన కురిసి కోపియాపో నగరం బురదలో మునిగింది. ఒంటరితనం, ఎత్తు, చలి, అన్నీ కలిసిన చోట ఒక మనిషి మరణాన్ని కేవలం తేదీ ఖాతాలో రాయడం అన్యాయం. అయినా సీజన్ తోకపట్టుకుని పోయినప్పుడు ఆకాశం తప్పు చేయడానికి ఎంత చోటుందో ఆ వారం చూపించింది.

పైన చెప్పిన నెలలన్నీ పాతకాలపు చలిని నమ్ముకుని రాసినవి. ఆ చలి ఇప్పుడు కదులుతోంది. యూరప్ ఆల్ప్స్‌లో జూలై, ఆగస్టులే సీజన్ అని తరాల నుంచీ చెప్పుకునేవారు. 2022 జూలై 3న ఇటలీలో మార్మొలాడా హిమానీనదపు ముక్క విరిగిపడి పదకొండుమంది చనిపోయారు. ఆ ముందురోజు శిఖరం మీద ఉష్ణోగ్రత 10 డిగ్రీలు. అదే నెలాఖరుకు స్విట్జర్లాండ్ మీద సున్నా డిగ్రీల మట్టం 5,184 మీటర్లకు చేరింది, మరుసటి ఏడు ఆగస్టులో 5,298కి. అంటే మాంట్ బ్లాంక్ శిఖరం కంటే పైన. అక్కడ రాత్రి గడ్డకట్టడం అన్నదే లేకపోతే అర్ధరాత్రి బయలుదేరి లాభమేమిటి? రాళ్ళు రాలుతున్నాయని మాటర్‌హార్న్ దారిలో గైడ్లు కొన్నాళ్ళు పని ఆపుకున్నారు. ఇప్పుడు చాలామంది జూన్‌కే జరిగారు. మన దగ్గర లడఖ్‌లో స్టోక్ కాంగ్రీని 2020లో మూసేశారు. కరుగుతున్న హిమానీనదం, దాని మీద జనం తొక్కిడి, కింది ఊళ్ళకు నీటి కరువు కలిసి వచ్చాయి.

చలికాలం గురించి ఒక్క ముక్క. 1980 ఫిబ్రవరిలో పోలండ్ వాళ్ళు ఎవరెస్టును, 2021 జనవరిలో నేపాలీలు కే2ను చలికాలంలోనే గెలిచారు. అది వేరే లోకం, ఈ వ్యాసం చదివేవాళ్ళకు పనికిరాదు.

పనికొచ్చేది మన సెలవుల లెక్క. భివండీలో మగ్గాల మీద బతికే కుటుంబానికి తీరిక దొరికేది ఏడాదిలో రెండుసార్లు: పెళ్ళిళ్ళకు సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపు పోయే మే మొదటి సగం, సాంచాలు ఆగే దీపావళి. హిమాచల్ కొండల రెండు సీజన్ల పక్కన వీటిని పెట్టి చూడండి. మే మొదటి సగం మూడు వారాలు ముందు, మంచు ఇంకా బిగియదు. దీపావళి అంతకు అంత ఆలస్యం. నవంబరులో పడితే పగలు చిన్నది, రాత్రి చలి ప్రాణం తీస్తుంది, దారిలో దాబాలు కూడా మూసేస్తారు. రెండు సెలవులూ రెండు సీజన్లకు చెరో పక్కన తప్పుతున్నాయి. అందుకే ఇక్కడి నుంచి సెలవు చూసుకుని పోయినవాళ్ళలో చాలామంది బేస్ క్యాంపు ఫోటోలతో వస్తారు.

నా మాట అడిగితే, మొదటిసారి వెళ్ళే భివండీ కుర్రాడికి మనాలీ వైపు జూన్ 5 నుంచి 20 లోపు, లేదా లడఖ్‌లో జూలై ఆఖరు నుంచి ఆగస్టు 20 దాకా. సెప్టెంబరు రెండో సగం మూడో మెట్టు, అదీ గత పదిరోజుల్లో పైన కొత్త మంచు పడలేదని తెలిస్తేనే. అక్టోబరు అనుభవం ఉన్నవాళ్ళకు. అంతకంటే ముందు మనాలీ, ఉత్తరకాశీ, డార్జిలింగ్, పహల్గామ్ సంస్థల్లో ఎక్కడో ఒకచోట బేసిక్ కోర్సు చేస్తే ఈ ప్రశ్నలకు జవాబులు కాళ్ళతో తెలుస్తాయి. దాదాపు నెలరోజుల కోర్సు. సేఠ్‌ను సెలవు అడగడం కొండ ఎక్కడం కంటే కష్టమని నాకు తెలుసు.

నెల కంటే గట్టిగా పట్టుకోవాల్సింది మిగులు రోజులు. ఏజెన్సీవాళ్ళ ఎనిమిది రోజుల ప్యాకేజీలో శిఖరానికి ఒకే రాత్రి ఉంటుంది. ఆ రాత్రి మబ్బు పడితే గైడు మీదా, ఎక్కేవాళ్ళ మీదా ఒత్తిడి మొదలవుతుంది: ఎల్లుండి బస్సు, ఆ మర్నాడు డ్యూటీ. మూడు రోజులు అదనంగా ఉన్న మామూలు నెల, ఒక్క రోజు కూడా లేని ఉత్తమ నెల కంటే మేలు. డబ్బు కట్టే ముందు ఏజెన్సీని అడగాల్సినవి మూడే: శిఖరానికి ఎన్ని రాత్రులు పెట్టారు, వాతావరణం చెడితే ఆగే ఖర్చు ఎవరిది, పోయిన వారం ఆ దారిలో పైదాకా వెళ్ళొచ్చిన గైడు పేరేమిటి. మూడోదానికి వెంటనే పేరు, ఫోన్ నంబరు చెప్పారంటే పని తెలిసినవాళ్ళే. కల్యాణ్ నుంచి ఉత్తరాదికి పోయే రైళ్ళకు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుచుకుంటోంది కాబట్టి జూన్ 5 బండికి ఏప్రిల్ మొదటి వారంలోనే కూర్చోవాలి. వెళ్ళేటప్పటి టికెట్ ముందే ఖాయం చేసుకుని, తిరుగు టికెట్‌ను శిఖరం రోజుకు కనీసం అయిదు రోజుల తర్వాతకు తీసుకోండి.